అద్దమునకు చేరని కిరణము

లడఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబరు 4న ప్రారంభమైన మేస్ దూరదర్శినిని గురించి చెప్పువారు 21 మీటర్ల అద్దమును, 4,300 మీటర్ల ఎత్తును తప్పక పేర్కొందురు. దానిని హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. నిర్మించినదనుట మనకు సంతోషమే. కాని ‘ఈ అద్దము గామా కిరణములను పట్టును’ అనుట సరికాదు. ఒక్క కిరణమైనను అద్దమును చేరదు.

మిక్కిలి శక్తిగల గామా కిరణము పైగాలిలోనే ఎలక్ట్రానుల, పాజిట్రానుల జల్లుగా మారును. గాలిలో కాంతి పోవు వేగమును మించి పరుగిడు ఆ కణములు నీలికాంతిని వెదజల్లును. చెరెంకోవ్ కాంతి యనబడు ఈ మెరుపు నిలుచునది సెకనులో వందకోట్ల వంతులు కొన్ని మాత్రమే. అద్దము చూచునది దీనిని. అనగా పరికరములో సగము గాలియే. ‘నెల్లూరు జిల్లా సంగంలో, పెన్న ఒడ్డున దీనిని ఏల నిలుపలేదు?’ అని విద్యార్థి అడిగినచో తేమ, మబ్బు, దీపకాంతి అని ఉపాధ్యాయుడు చెప్పవచ్చును.

ఈ వివరణలు తరచు విడిచిపెట్టునది అసలు చిక్కునే. విశ్వకిరణములలోని ప్రోటానులును ఇట్టి జల్లులనే కురిపించును; అవి వేయిరెట్లకు పైగా ఎక్కువ. గామా జల్లు బొమ్మ సన్నని కోలగా, ప్రోటానుది చెదరినట్లు కనిపించును. ఈ భేదమును లెక్కించియే అరిజోనాలోని విప్పుల్ వేధశాలవారు 1989లో వృషభరాశిలోని క్రాబ్ నీహారిక నుండి వచ్చు గామా కిరణములను నిర్ధారించిరి.