గీతల్లో రాతిని చదవడం

చమురు కోసం మూడు కిలోమీటర్లు తవ్విన బావి అడుగున జానెడు వెడల్పు ఉంటే ఎక్కువ. అందులోకి దిగి చూసే దారి లేదు. తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురదతో, అంటే డ్రిల్లింగ్ మడ్‌తో పాటు పైకొచ్చే రాతిముక్కలు దారిలోనే కలగాపులగమవుతాయి, ఏది ఏ లోతుదో తేల్చడం కష్టం. కోర్ తీయడం, అంటే రాతిని కడ్డీలా కోసి పైకి తేవడం, బాగా ఖర్చుతో కూడిన పని. అందుకే కొన్ని మీటర్ల మేరకే తీస్తారు. మిగతా లోతంతటికీ ఆధారం లాగ్‌లే. కేబుల్‌కు కట్టి దించిన పరికరాలను పైకి లాగుతున్నప్పుడు అవి గీసే గీతలే లాగ్‌లు. ఆ గీతల నుంచి రాతి గుణాలు రాబట్టే విద్య పెట్రోఫిజిక్స్. కంటికి అందని చోటును నాలుగైదు భౌతిక సూత్రాలతో అంచనా కట్టే ఈ విద్య మీద నాకు చాలా గౌరవం.

మొదటి ఎలక్ట్రికల్ లాగ్ 1927 సెప్టెంబర్ 5న ఫ్రాన్స్‌లో, అల్సాస్ ప్రాంతపు పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రంలో తీశారు. కొన్రాడ్, మార్సెల్ ష్లంబర్జే సోదరులు అప్పటికి చాలాకాలంగా నేలలో ఎలక్ట్రోడ్లు పాతి, కరెంటు పంపి, ఖనిజాల జాడ వెతుకుతున్నారు. అదే పద్ధతిని బావిలోకి దించారు. కొన్రాడ్ అల్లుడు ఆన్రి డాల్, అతని తోటివాళ్లు చేత్తో తిప్పే వించ్‌తో ఎలక్ట్రోడ్లను నడిపించి, మీటరుకోసారి ఆపి, రీడింగ్ రాసుకుని, కాగితం మీద చుక్కలు పెట్టి కలిపారు. ఈ రోజు సెన్సర్లు సెంటీమీటర్ల తేడాతో కొలుస్తాయి గానీ, అసలు ఆలోచన ఇప్పటికీ అదే.

ఆ ఆలోచన చాలా తేలిక. రాతి గింజలు కరెంటును దాదాపు పోనివ్వవు. వాటి మధ్య ఖాళీల్లో ఉన్న ఉప్పునీరు పోనిస్తుంది. ఆ ఖాళీల్లో నీటి బదులు చమురో గ్యాసో చేరితే కరెంటుకు దారి ఇరుకై రెసిస్టివిటీ, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. అయితే మంచినీరున్నా పెరుగుతుంది, ఖాళీలే లేని గట్టి రాయి తగిలినా పెరుగుతుంది. సముద్రతీరపు మండలాల్లో భూగర్భజలాల వాళ్లు ఇదే గీత చూసి ఉప్పునీటి పొర ఎక్కడ, మంచినీటి పొర ఎక్కడ అని గుర్తిస్తారు. కాబట్టి రెసిస్టివిటీ పెరిగిందంటే చమురు దొరికినట్టు కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల బుర్రలో ఇది ముందు నాటుకోవాలి.

అందుకే పక్కన వేరే గీతలు కావాలి. గామా లాగ్ రాతిలోంచి సహజంగా వచ్చే రేడియోధార్మికతను కొలుస్తుంది. బంకమట్టి గట్టిపడి ఏర్పడ్డ షేల్‌లో పొటాషియం, థోరియం, యురేనియం ఎక్కువ కాబట్టి అక్కడ గీత పెరుగుతుంది, శుభ్రమైన ఇసుకరాయిలో తగ్గుతుంది. డెన్సిటీ పరికరం గామా కిరణాలను రాతిలోకి పంపి, తిరిగొచ్చిన వాటిని లెక్కించి సాంద్రత చెబుతుంది. న్యూట్రాన్ పరికరం హైడ్రోజన్ ఎంతుందో పసిగడుతుంది. ఈ చివరి రెండింటినీ ఒకే గడిలో వేసి చూస్తే ఒక ముచ్చటైన సంగతి కనిపిస్తుంది. గ్యాసున్న ఇసుకరాయిలో సాంద్రత తగ్గి, ఖాళీలు ఎక్కువున్నట్టు డెన్సిటీ గీత చెబుతుంది. గ్యాసులో హైడ్రోజన్ పలచన కాబట్టి, ఖాళీలు తక్కువని న్యూట్రాన్ గీత చెబుతుంది. రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుని ఎడమవుతాయి. షేల్‌లో ఆ ఎడం తిరగబడుతుంది, ఎందుకంటే బంకమట్టిని అంటిపెట్టుకున్న నీరు న్యూట్రాన్ రీడింగును పెంచేస్తుంది.

ఇక లెక్క. దీన్ని ఒక్కసారైనా చేత్తో చేయాలి. ఒక ఇసుకరాయి పొరలో డెన్సిటీ లాగ్ 2.32 చూపిందనుకుందాం. క్వార్ట్జ్ గింజల సాంద్రత 2.65, ఖాళీల్లోని నీటిది 1. అప్పుడు 2.65 నుంచి 2.32 తీసేస్తే 0.33. దాన్ని 1.65తో భాగిస్తే 0.20. అంటే రాయిలో ఐదో వంతు ఖాళీ, అదే పోరోసిటీ. తర్వాతి మెట్టు, పోరోసిటీ, రెసిస్టివిటీల నుంచి ఖాళీల్లో నీటి వాటా రాబట్టే సూత్రం. షెల్ కంపెనీ ఇంజినీర్ ఆర్చీ దాన్ని 1942లో ప్రచురించాడు. 1950లో ఈ విద్యకు పెట్రోఫిజిక్స్ అని పేరు పెట్టిందీ ఆయనే. సూత్రంలోని ఘాతాంకాలు రెండూ 2 అనుకుంటే, 1ని 0.20 వర్గంతో భాగించగా 25 వస్తుంది. ఖాళీల్లోని ఉప్పునీటి రెసిస్టివిటీ 0.05 ఓం-మీటర్లయితే, 25తో గుణించగా 1.25. పొర నిండా నీరే ఉంటే లాగ్ చూపాల్సిన అంకె ఇది. కానీ లాగ్ 20 చూపింది. 1.25ను 20తో భాగించి వర్గమూలం తీస్తే 0.25. ఖాళీల్లో పావు వంతే నీరు, ముప్పావు వంతు చమురో గ్యాసో. ఇప్పుడు నీటి రెసిస్టివిటీ 0.05 కాదు, 0.2 అని తేలిందనుకోండి. అదే గీత, అదే పొర, నీరు మాత్రం సగానికి పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ లెక్క క్షణంలో చేసిపెడుతుంది గానీ, ఏ అంకె మీద ఎంత బరువు ఆనుకుని ఉందో చేత్తో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఆర్చీ సూత్రం పుట్టింది శుభ్రమైన ఇసుకరాళ్ల కొలతల మీద. బంకమట్టి కలిస్తే ఆ మట్టి కూడా కరెంటును మోస్తుంది, చమురున్న పొర కూడా నీటి పొరలా కనిపించి మోసం చేస్తుంది. దీనికి తిరగబడ్డ ఉదాహరణ మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే ఉంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల, అంటే గ్యాసును బంధించి ఉంచే మంచులాంటి పదార్థాల అన్వేషణ కోసం జాయిడెస్ రిజల్యూషన్ నౌక తూర్పు తీరానికి వచ్చి, పదో నంబరు స్థలంలో సముద్రగర్భాన్ని తవ్వింది. అక్కడ హైడ్రేట్లున్న భాగం సుమారు 130 మీటర్ల మందాన తగిలింది. రెసిస్టివిటీని మామూలుగా ఆర్చీ సూత్రంలో వేస్తే హైడ్రేట్ల వాటా చాలా పెద్దదిగా వచ్చింది. లోపలి ఒత్తిడి చెదరకుండా పైకి తెచ్చిన ప్రెషర్ కోర్లలో మాత్రం అందులో కొంత భాగమే తేలింది. హైడ్రేట్ ఇక్కడ ఇసుక గింజల మధ్య సమంగా పరుచుకోలేదు, బంకమట్టిలో దాదాపు నిలువుగా చీలిన పగుళ్లను నింపింది. నిలువు బావిలో పరికరం పంపే కరెంటు ఎక్కువగా అడ్డంగా ప్రవహిస్తుంది, దానికి ఆ నిలువు పలకలు గోడల్లా అడ్డుపడ్డాయి. కొలత సరైనదే. అన్ని దిక్కులా రాయి ఒకేలా ఉంటుందన్న ఊహే తప్పు. తర్వాత పరిశోధకులు దిక్కును బట్టి మారే రెసిస్టివిటీని లెక్కలోకి తీసుకున్నాక, ఫలితం కోర్లకు దగ్గరగా వచ్చింది.

ఈ విద్య నేర్చుకోవాలనుకునే భూగర్భశాస్త్ర విద్యార్థులు ఒక పాత లాగ్ ప్రింటు సంపాదించి, ముందు గామా గీత మీద షేల్ హద్దు గీసుకోవాలి. బావి వెడల్పు చెప్పే క్యాలిపర్ గీత చూసి, గోడ విరిగిపడిన చోట్ల డెన్సిటీ రీడింగ్ కొట్టేయాలి. మడ్ నీరు రాతిలోకి ఎంత దూరం చొరబడిందో తెలియడానికి లోతైన, దగ్గరి రెసిస్టివిటీలను పోల్చాలి. ఇవన్నీ అయ్యాకే ఆర్చీ దగ్గరకు రావాలి. అక్కడ కూడా నీటి రెసిస్టివిటీని ఎక్కడినుంచి తెచ్చారో, అంటే అదే బావిలోని నీటి పొర నుంచా, ప్రయోగశాలలో పరీక్షించిన నమూనా నుంచా, పక్క బావి రిపోర్టు నుంచా అన్నది అంచున పెన్సిల్‌తో రాసుకోవాలి.