విమానపు ఈఎస్సీకి నీటి విద్య

ఎగిరే బొమ్మ విమానం కోసం తయారైన ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్‌ను, అంటే ఈఎస్సీని, రిమోట్ పడవకు పనికొచ్చేలా మలచడం ఎంతటి పనితనమో విప్పి చేసినవాళ్లకే తెలుసు. ఈ విద్యకు వంశం కూడా గొప్పదే. 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా రేడియోతో నడిపి జనాన్ని నివ్వెరపరచింది బ్యాటరీ పడవనే!

బ్యాటరీ కరెంటును మూడు తీగలకు వంతులవారీగా పంచి మోటారును తిప్పడం ఈఎస్సీ పని. ఆ పనిలో వేడెక్కుతుంది. విమానంలోనైతే ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది. మూత బిగించిన పడవ పొట్టలో గాలి ఆడదు. పైగా ప్రొపెల్లర్ తోయాల్సిన నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. నీళ్లు అడుగంటిన బోరులో మోటారు ఎలా మాడిపోతుందో చూసిన రాయలసీమ రైతుకు ఈ ఈఎస్సీ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మంచి పనివాడి చేయి ఇక్కడే తెలుస్తుంది. పైతొడుగును పక్కనుంచి సుతారంగా కోస్తాడు. కరెంటును తెరిచి మూసే మాస్‌ఫెట్‌ల మీది రేకు తీసి, వేడిని దాటించి కరెంటును ఆపే ఎపాక్సీతో గొట్టమున్న అల్యూమినియం పలక అతికిస్తాడు. గొట్టానికి సిలికాన్ పైపు తొడిగి, ఒక కొసను ప్రొపెల్లర్ వెనక నీటిలోకి, రెండో కొసను పడవ పక్కకు తీస్తాడు. పంపు అక్కర్లేదు. పడవ ఉరికితే చాలు, పక్కనుంచి సన్నటి ధార చిమ్ముతుంది. ధార ఆగిందంటే పడవను వెంటనే ఒడ్డుకు తేవాల్సిందే.

అసలు నేర్పు చిన్న విషయాల్లో ఉంది. తీగ చాలకపోతే మోటారు వైపే పొడిగించాలి. బ్యాటరీ వైపు పొడిగించక తప్పకపోతే ఈఎస్సీ పక్కనే మంచి కెపాసిటర్లు వేయాలి. ఈఎస్సీ సెట్టింగుల్లో మోటారు బ్రేకు తీసేయాలి. బ్యాటరీ తగ్గితే కరెంటును టక్కున ఆపకుండా మెల్లగా తగ్గించే పద్ధతి పెట్టుకోవాలి, లేదంటే చెరువు నడుమ పడవ నిలిచిపోతుంది. తడి తగలకుండా పూత వేయాలి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ మాత్రం వాడకూడదు, అది రాగిని తినేస్తుంది.

వెనక్కి నడవడం ఎరగని విమానపు ఈఎస్సీకి ఆ విద్య నేర్పిన సైమన్ కిర్బీ, స్టెఫెన్ స్కౌగ్‌లకు చేతులెత్తి మొక్కాలి. సైమన్‌కె, బీఎల్‌హెలి పేర్లతో వాళ్లు రాసిన ప్రోగ్రాములు ఎన్నో చవక బోర్డులకు ప్రాణం పోశాయి.

ఇంతటి విద్యను బజారు సరుకు మింగేస్తోంది. స్టిక్కరు మీద 60 యాంపియర్లు, లోపల అందులో సగానికే చేతులెత్తేసే బోర్డు! విప్పడానికి వీల్లేకుండా సీలు వేసిన పడవలు కాలితే చెత్తబుట్టకే. కొనిచ్చే తల్లిదండ్రులకు డబ్బు దండగ, పిల్లలకు నేర్చుకునే అవకాశం పోతుంది. ఇది పచ్చి మోసం.

పడవలు మన సీమకు కొత్త కాదు. కర్నూలు, కడపలను కలిపే కేసీ కెనాల్‌ను 1860లలో తవ్వింది పొలాలకే కాదు, పడవలకు కూడా. మోటారు వైండింగ్‌లో చేయి తిరిగిన పనివాళ్లు మన ఊళ్లలో వీధికొకరున్నారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లుకు డ్రోన్ సిటీ వస్తోంది, డ్రోన్ గుండెలో ఉండేదీ ఈ ఈఎస్సీయే. మన ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ ఇకనైనా కదలాలి. వైండింగ్ మేస్త్రీలను గురువులుగా పిలిచి, పిల్లలచేత పడవలు కట్టించి పోటీలు పెట్టాలి. కొని తెచ్చిన పడవకు ఆ పోటీలో చోటివ్వకూడదు.