చీనా పింగాణీ జాడీలు: చిహ్నాల అర్థ విచారం

పురాతన చీనా పింగాణీ జాడీలను గురించిన వ్యాసాలలో తరచుగా ఒక పట్టిక కనిపిస్తుంది. చేప సమృద్ధికి, గబ్బిలం సౌభాగ్యానికి, కొంగ దీర్ఘాయువుకు చిహ్నాలని అందులో వ్రాసి ఉంటుంది. పట్టికలో దోషం లేదు. అయితే ఈ అర్థాలు ఏ భాషలో పుట్టాయి, ఎవరికి బోధపడతాయి అన్న విచారణ అందులో ఉండదు. ఆ లోపం చిన్నది కాదు.

మింగ్ చక్రవర్తి జియాజింగ్ కాలంలో (1522-66) జింగ్‌డెజెన్ బట్టీలలో తయారైన పెద్ద మూత జాడీలనే తీసుకుందాం. వాటిపై నీటి మొక్కల నడుమ బంగారువన్నె చేపలు ఈదుతుంటాయి. చీనా భాషలో చేపకూ, సమృద్ధికీ 'యూ' అన్నదే ధ్వని. గబ్బిలానికీ, సౌభాగ్యానికీ 'ఫూ'. మన ఆలంకారికులు శ్లేష అన్నది ఇదే. శ్లేషను మరో భాషలోకి తేవడం ఎంత కష్టమో అనువాదకులకు తెలుసు. ఆ భాష రానివారికి చేప మిగులుతుంది, సమృద్ధి మిగలదు.

అంతకుముందు జెంగ్డే కాలంలో (1506-21) అదే ఊరి నీలి-తెలుపు పాత్రలపై అరబీ, ఫార్సీ వ్రాతలు కనిపిస్తాయి. కొందరు వాటిని 'ఇస్లామీ అలంకరణ' అని చెప్పి ఊరుకుంటారు. మరికొందరు ప్రతి వలయంలోనూ ఆయత్ ఉన్నదని తలుస్తారు. చదివితే ఈ రెండూ నిలవవు. కొన్నింటిపై ఖుర్ఆన్ ఆయతులు నిజంగానే ఉన్నాయి. కాని బ్రిటిష్ మ్యూజియంలోని ఒక కుంచెల పీటపై ఉన్నది 'ఖామదాన్' అన్న ఫార్సీ మాట. కలాలు ఉంచుకునేదని మాత్రమే దాని అర్థం.

ఇక ఇరాన్‌లోని అర్దబీల్ సంగతి. 1611లో షా అబ్బాస్ అక్కడి షేఖ్ సఫీ దర్గాకు వెయ్యికి పైగా చీనా పాత్రలను వక్ఫ్ చేశాడు. జీవుల బొమ్మలున్న పాత్రలూ వాటిలో ఉన్నాయి. వాటి మెరుగుపూతపై చెక్కించిన ముద్రలో షా తనను బానిసగా చెప్పుకొని, ఆ పాత్రలను షేఖ్ సన్నిధికి వక్ఫ్ చేసినట్లు ప్రకటించాడు. ఈ ముద్రను 'యాజమాన్య చిహ్నం' అని వర్ణించడం సరికాదు. వక్ఫ్ చేసిన వస్తువును అమ్మరాదు, ఇతరులకు ఇవ్వరాదు, వారసులకు పంచరాదు. కనుక అది సొంతం చేసుకున్న గుర్తు కాదు, వదులుకున్న గుర్తు.

ఈ పాత్రలను చూసి ఇరానీయులు చీనా విశ్వాసాలను స్వీకరించారని అనడం గాని, బొమ్మల విషయంలో షరీఅత్‌ను ఉపేక్షించారని అనడం గాని తొందరపాటే. ముద్రలో బొమ్మల ప్రసక్తే లేదు. దాత తెలిపినది తన నియ్యత్‌ను. విమర్శకుడు మొదట చదవవలసినదీ దానినే.