పిత్తనాళం – అయస్కాంత చిత్రం

కాలేయంలో పుట్టిన పైత్యరసాన్ని ఆంత్రమూలానికి చేర్చే త్రోవ పిత్తనాళం. దీని అడ్డుకొలత సాధారణంగా 6 మిల్లీమీటర్లకు మించదు. రాయిగాని, కంతిగాని అడ్డుపడితే వెనుక రసం నిలిచి నాళం ఉబ్బుతుంది.

ఈ నాళాన్ని ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో చిత్రించే పద్ధతి 1991లో వెలువడింది. దీనికి ఎక్స్ కిరణాలు అక్కరలేదు. నిలిచియున్న ద్రవం తెల్లగా మెరుస్తుంది. రాయి అందులో నల్లని మచ్చగా అగపడుతుంది. 1968 నాటి పద్ధతిలో నోటిగుండా గొట్టం దింపి నాళంలోనికి మందు ఎక్కించాలి. దానివల్ల ఒక్కొక్కప్పుడు క్లోమం వాచవచ్చు. క్రొత్త పద్ధతిలో ఆ భయం లేదు. కాని గొట్టంతో రాయిని తీయవచ్చు. అయస్కాంతం చూపగలదేగాని తీయలేదు.

చూపడంలోనూ లోపాలున్నవి. గాలిబుడగ కూడ నల్లగానే కనబడుతుంది. 5 మిల్లీమీటర్ల కంటె చిన్న రాళ్లు కంటపడకపోవచ్చు. వృద్ధులలోను, పిత్తాశయం తీసివేసినవారిలోను ఏ అడ్డూ లేకుండానే నాళం కొంత వెడల్పవుతుంది. కనుక "నాళం 8 మిల్లీమీటర్లు" అని మాత్రమే తెలిపే నివేదిక అసంపూర్ణం. రోగి వయస్సు, నొప్పి, కామెర్లు, రక్తపరీక్ష – వీటితో సరిచూడని కొలత ఒకరిని అనవసరంగా గొట్టపు చికిత్సకు పంపుతుంది. రాయి ఉన్న మరొకరిని ఇంటికి పంపుతుంది.