నోట పట్టి తెచ్చే విద్య

విసిరిన వస్తువు వెంట ఏ కుక్కయినా పరుగెడుతుంది. చెప్పేదాకా కదలకుండా కూర్చుని, వెళ్లి వెతికి, పంటి గాటు పడకుండా తెచ్చి చేతిలో పెట్టడం మాత్రం విద్య. రిట్రీవర్ల పోటీల్లో చూసేది దాన్నే. అది నేర్పే శిక్షకులంటే నాకు ఎంతో గౌరవం.

రిట్రీవర్లలో ఒకటైన లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌ చల్లటి నీళ్లలో జాలరులకు సాయపడ్డవి. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను జాతిగా గుర్తించింది. దాని రెండు పొరల బొచ్చు ఆ చల్లటి నీళ్లకు తగ్గది. మా ఊరు భీమ్‌గల్‌లో ఎండ మాత్రం దానికి పెద్ద పరీక్ష. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు దాటి ఎండలు ముదిరాక ఇక్కడ శిక్షణంతా పొద్దెక్కకముందే ముగియాలి. సిమెంటు రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూడాలి. మన చెయ్యి ఓర్వని వేడిని దాని పాదమూ ఓర్వదు.

మంచి శిక్షకుడి చేతులు చూడండి. పాత తువ్వాలు ముడేసి దూరంగా వేస్తాడు. కుక్క తేగానే లాక్కోడు, దవడ కింద చెయ్యి పెట్టి ఆగుతాడు. అది నోరు వదిలిన క్షణమే 'శభాష్' అంటాడు. ఆలస్యమైతే కుక్క ఆ మెచ్చుకోలును మరో పనికి ముడిపెట్టుకుంటుంది. బహుమతి ముద్దను రోజువారీ తిండిలోంచే తీస్తాడు. ఎందుకంటే, దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని అదుపుచేసే జన్యువులో లోపముందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు.

పోటీకి తయారయ్యే కుక్కయినా రాత్రి ఇంట్లో పిల్లల మధ్యే పడుకోవాలంటాను. ఇంటివాళ్ల గొంతు రోజంతా విన్న కుక్కే కొత్త మైదానంలో, అంత సందడిలోనూ, ఒక్క పిలుపుకు ఆగుతుంది.