కామా తర్వాతి ‘ఈ’

జావాలో మంచి పనివాణ్ణి గుర్తుపట్టడానికి అతను రాసిన క్యాచ్ బ్లాకు చూస్తే చాలు. ఆర్డర్ సేవ్ కాలేదని పై పొరకు చెప్పడానికి కొత్త ఎక్సెప్షన్ విసిరేటప్పుడు, సందేశం రాసి, కామా పెట్టి, కింది నుంచి వచ్చిన పాత ఎక్సెప్షన్‌ని, అంటే ‘ఈ’ని, జతచేశాడా లేదా? విద్యంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. డేటాబేస్ కనెక్షన్ తెగిందని కింది పొరకు తెలుసు గానీ, తెగింది ఎవరి ఆర్డర్ దగ్గరో తెలియదు. ఆర్డర్ నంబరు మధ్య పొర దగ్గర ఉంటుంది. కొన్నవాడికి ఏం చెప్పాలో తెలిసింది పై పొరకే. ఎవరికి తెలిసిన ముక్క వాళ్లు చేర్చి, ముందువాడి మాట చెరపకుండా పైకి పంపితే, లాగ్‌లో ‘కాజ్డ్ బై’ మెట్ల మీదుగా అసలు కారణం దాకా దిగిపోవచ్చు. చేయి తిరిగిన సపోర్ట్ ఇంజనీర్లు ట్రేస్‌ని అడుగు నుంచే చదువుతారు.

ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం 1970లలోనే సీఎల్‌యూ భాషలో ఎక్సెప్షన్ వెంట విలువలు పంపే ఏర్పాటు చేసింది. జావాకు పాత ఎక్సెప్షన్‌ని కొత్తదానికి జతచేసే గొలుసుకట్టు 2002లో, 1.4 వెర్షన్‌తో వచ్చింది. నన్నడిగితే అసలైన పనితనం కా-పింగ్ యీది. 2005లో ఆయన పైథాన్‌కు రాసిన పెప్ 3134 ప్రతిపాదన, ఆ భాష మూడో వెర్షన్‌లో అమలైంది. రాసేవాడు మరిచిపోయినా సరే, పాత తప్పు కొత్తదాని వెంట తనంతట తానే వస్తుంది. మతిమరుపును ముందే లెక్కేసి భాషను మలచడం ఎంత గొప్ప! 2020లో జావా 14 కూడా, ఏది నల్‌గా ఉందో పేరుపెట్టి చెప్పడం నేర్చింది.

వివరం పంపితే సరిపోదు, అది వివరమేనని అందుకునేవాడికి తెలియాలి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్‌లో 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టక ఎక్సెప్షన్ లేచింది. దిశ చెప్పే కంప్యూటర్ పంపిన లోప సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ లెక్కలనుకుని నాజిళ్లు తిప్పేసింది. ప్రయోగం మొదలైన దాదాపు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది. తప్పుకు దాని సొంత రకం, సొంత ఫీల్డులు ఉండాలనేది అందుకే.

వివరాలు బయటపడితే దొంగలకు దారి చూపినట్టే కదా అంటారు. నిజమే, సాఫ్ట్‌వేర్ బలహీనతల సీడబ్ల్యూఈ జాబితాలో 209వ నంబరు ఆ లోపానిదే. అందుకే కొన్నవాడికి రిఫరెన్స్ నంబరు ఇవ్వాలి, పాస్‌వర్డులూ కార్డు నంబర్లూ తీసేసి మిగతాదంతా లాగ్‌కు పంపాలి. దాచాల్సింది వీధి నుంచి; ఇంట్లోవాళ్ల నుంచి దాచడమేమిటి? ఖర్చు మాటకొస్తే, అది స్టాక్ ట్రేస్ నింపడంలో ఉంది. కారణాన్ని జతచేయడానికి పట్టేది ఒక్క రిఫరెన్స్. ఎక్సెప్షన్లే వద్దనే గో భాష అభిమానులతో నాకు పొత్తు కుదరదు. వాళ్లూ 2019లో 1.13తో, తప్పును తప్పులో చుట్టి పంపే దారికే వచ్చారు.

కడుపు మండేది మన దగ్గర జరుగుతున్నది చూస్తేనే. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి అమెరికా పగటి పనిని రాత్రుళ్లు మోస్తున్నాయి. ఎవరో మింగేసిన ఎక్సెప్షన్‌ను అర్ధరాత్రి కక్కించాల్సింది మన పిల్లలే. అయినా అమీర్‌పేట కోచింగ్ నోట్సుల్లో త్రోకూ త్రోస్‌కూ తేడా బట్టీ పట్టించడమే గానీ, కామా తర్వాతి అక్షరం గురించి పట్టించుకునేదెవరు? ఖాళీ క్యాచ్ బ్లాకు, దాని మీద ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అనే పూత: ఇదీ నేటి నకిలీ సరుకు. ఏం తప్పిందో చెప్పని ఆ వాక్యం కన్నా ప్రోగ్రాం కుప్పకూలడమే మర్యాద.

రివ్యూ చేసే సీనియర్లకు ఒక్క విన్నపం. ‘ఈ’ని వదిలేసిన క్యాచ్ బ్లాకు కనిపిస్తే, స్ప్రింట్ రేపే ముగుస్తున్నా సరే, అప్రూవ్ నొక్కకండి.