అత్తయ్య డాబా మీది మల్లెలు

విజయవాడలో మా మేనత్త ఇంటి డాబా మీద పన్నెండు మట్టి కుండీలున్నాయి. పదింటిలో గుండుమల్లె, ఒకదాంట్లో మరువం, ఒకదాంట్లో కనకాంబరం. మే నెల సాయంత్రం మెట్లెక్కుతుంటే వాసనే ముందు పలకరిస్తుంది. ఆ వాసన వెనకున్న పనేమిటో చూడాలని వారం రోజులు అత్తయ్య వెంటే తిరిగాను.

పని వేసవిలో మొదలవదు. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీదే. అందుకే అత్తయ్య డిసెంబరులో నీళ్లు తగ్గించి, సంక్రాంతికి ముందే కత్తెర పడుతుంది. ఎండు కొమ్మలను మొదలంటా తీసేసి, మిగిలినవాటిని జానెడున్నర ఎత్తులో, కణుపుకు కాస్త పైన కోస్తుంది. మల్లె ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉంటాయి కదా, ఒక్క కోతకు రెండు చిగుళ్లు లేస్తాయి. చిగురు చివర సాధారణంగా మూడేసి మొగ్గలు. వాటిలో నడిమిదే ముందు విచ్చుకుంటుంది. ఒక్క పూటలో చెట్టంతా పూసి ఊరుకోకపోవడానికి ఈ అమరిక కూడా కారణమే.

కుండీ కూడా పనిముట్టే. మట్టి గోడలోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంటే, కూజాలో నీళ్లు చల్లబడ్డట్టే వేళ్లు చల్లబడతాయి. కాలిన స్లాబు సెగ తగలకుండా ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు, పైన మట్టి ఎండకుండా కొబ్బరి పీచు. నీళ్లు తెల్లవారకముందే. కిందటేడు అత్తయ్య ఊళ్లో లేనప్పుడు నేను మిట్టమధ్యాహ్నం పైపు తిప్పాను. గొట్టంలో కాగి ఉన్న నీళ్లే ముందొచ్చాయి. రెండు మొక్కల చిగుళ్లు మాడిపోయాయి. ఆ బాధ ఇంకా ఉంది.

ఎండ ముదిరితే ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సన్నని పాలిపోయిన చుక్కలు కనిపించగానే అత్తయ్య కింద తెల్లకాగితం పట్టి ఆకును తడుతుంది. రాలిన నలుసుల్లో కొన్ని నడుస్తాయి! నడిచాయంటే మర్నాడు పొద్దున్నే ఆకుల అడుగు భాగాన్ని నీటిజల్లుతో కడగాల్సిందే. మొగ్గ ఊదారంగుకు తిరిగితే లోపల తొలిచే పురుగు ఉన్నట్టు. దాన్ని తుంచి నలిపేయడమే.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది కోత. సాయంత్రం నాలుగున్నరకు పచ్చటి మొగ్గలను వదిలి, ఆ రాత్రి విచ్చేవాటినే తీస్తుంది. తేడా అడిగితే రెండు మొగ్గలు నా అరచేతిలో పెట్టింది. ఒకటి బాగా ఉబ్బి, మొన దాకా తెల్లగా ఉంది. రెండోదాని మొన మీద గోరంచంత ఆకుపచ్చ. అంతే తేడా. రెండింటికీ అప్పుడు వాసన లేదు. ఎనిమిదింటికి మొదటిది విచ్చింది, గదంతా నిండింది.

తడిపిన అరటినారతో, జంట ఇటు జంట అటు పెట్టి ముడి బిగిస్తుంటే కాడ ఒక్కటీ తెగలేదు. ఆ రోజు పది కుండీల పూలూ రెండు మూరలయ్యాయి.

మీ కుండీలో మల్లె ఆకులే వేసి పూయకుండా ఉంటే, వచ్చే సంక్రాంతికి ముందు జాలిపడకుండా కొయ్యండి.